ఆనిక్ కోట డే ట్రిప్ కొనేవాళ్లు జాగ్రత్త, ఆ ఊళ్లో రైల్వే స్టేషనే లేదు

ఇంగ్లండ్ న్యూకాసిల్‌లో ఉన్న మనవాళ్లందరికీ చెబుతున్నాను. మన గ్రూపులో డే ట్రిప్పులు, రైలు టికెట్లు అమ్మే ఆయన ఎవరో మీకు తెలుసు, పేరు రాయను. ఆయన దగ్గర ఆనిక్ కోట ప్యాకేజీ మాత్రం కొనకండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకుని నిన్న వెళ్లొచ్చాను. ఇంకా ఒళ్లు మండిపోతోంది.

రైలు టికెట్లు, స్టేషన్ నుంచి కారు, కోట ఎంట్రీ అన్నీ కలిపి డబ్బు ముందే తీసుకున్నాడు. "ఆనిక్ స్టేషన్‌లో దిగితే కోట ఎదురుగానే" అని మెసేజ్ పెట్టాడు. టికెట్ల మీద ఆల్న్‌మత్ అని ఉంటే, ఇదేంటండీ అని బయల్దేరకముందే అడిగాను. "రెండూ ఒకటే సార్, టెన్షన్ పడకండి, డ్రైవర్ మీ పేరు బోర్డు పట్టుకుని నిలబడతాడు" అన్నాడు.

రెండూ ఒకటి కాదు. ఆనిక్‌కు ప్రయాణికుల రైళ్లు 1968లోనే ఆగిపోయాయి. పాత స్టేషన్ భవనంలో ఇప్పుడు సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపు ఉంది. లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లే మెయిన్ లైన్ మీద ఆనిక్‌కు దగ్గర స్టేషన్ ఆల్న్‌మత్. అక్కడి నుంచి కోటకు దాదాపు నాలుగు మైళ్లు. ఆ స్టేషన్ ఆల్న్‌మత్ ఊళ్లో కూడా లేదు, హిప్స్‌బర్న్ అనే పల్లెలో ఉంది. రైలు వెళ్లిపోయాక చూస్తే మేమూ గాలీ తప్ప ఎవరూ లేరు. బోర్డు లేదు, డ్రైవర్ లేడు.

ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు, తర్వాత ఎత్తి విసుక్కున్నాడు. కారు గురించి అడిగితే, "ఇంగ్లండ్‌లో ఉంటూ స్టేషన్ ఎక్కడుందో తెలియదా మీకు? నాలుగు మైళ్లేగా, నడిపించండి" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుని మోకాలి పట్టీ సరిచేసుకుంటోంది. ఆ మాట విని చేతిలో పట్టీ అలాగే వదిలేసి నా మొహంలోకి చూసింది. "పద నాన్నా, నడుస్తాలే" అంది. నాన్న ఏమీ మాట్లాడలేదు. డబ్బు పోతే పోయింది, అమ్మతో ఆ మాట అనిపించినందుకు ఆ ట్రిప్ అమ్మినాయన్ను నేను క్షమించను. మళ్లీ ఫోన్ చేసేసరికి బ్లాక్ చేసేశాడు.

టాక్సీ దొరికి కోట దగ్గరికి చేరితే, ఆయన ఇచ్చిన బుకింగ్ నంబర్ అక్కడ లేనే లేదు. ఎంట్రీ మళ్లీ కొన్నాం.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఈ పొద్దున అదే మనిషి బాంబరో కోట ట్రిప్ పెట్టాడు, "చాట్‌హిల్ స్టేషన్ పక్కనే" అని. చాట్‌హిల్ నుంచి ఆ కోటకు కూడా కొన్ని మైళ్లు ఉంది. పైగా అక్కడ రోజుకు ఆగే రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఆదివారం అసలు ఆగవు. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లి అక్కడ చిక్కుకుంటే ఆల్న్‌మత్ నయం అనిపిస్తుంది. దయచేసి ఎవరూ డబ్బు పంపకండి, పంపినవాళ్లు ఈరోజే వెనక్కి అడగండి.

ఆనిక్ చూడాలంటే న్యూకాసిల్ హేమార్కెట్ బస్ స్టేషన్ నుంచి నేరుగా ఊళ్లోకే బస్సులున్నాయి. రైలే కావాలంటే టికెట్ రైలు కంపెనీ సైట్‌లోనే కొనండి, బుకింగ్ ఫీజు కూడా ఉండదు. అడ్వాన్స్ టికెట్ (ఒక ఫలానా రైలుకే ముందుగా కొనే టికెట్) అయితే అందులో రాసిన రైలే ఎక్కాలి. కోట చలికాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకోండి. ఆల్న్‌మత్‌లో దిగేవాళ్లు టాక్సీ ముందురోజే మాట్లాడుకోండి.