కుర్ర డిఫెండర్ వెళ్లిపోతానంటే ఏ దారిన పంపితే మేలు?

1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి మా రాజావారి కుటుంబంలోని విజ్జీ కెప్టెన్. ఆ పుణ్యమో పాపమో గానీ విజయనగరంలో ఇప్పటికీ ఆట అంటే క్రికెట్టే. అయోధ్య మైదానంలో ఫుట్‌బాల్ తన్నేవాళ్లు ఏదో ఓ మూలకి సర్దుకోవాల్సిందే. అలాంటి ఊళ్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్‌ని నెత్తిన పెట్టుకుని అర్ధరాత్రిళ్లు ఫోన్లకి అతుక్కుపోయే జనం కూడా ఉన్నాం. 2025 వేసవిలో మా జట్టు నుంచి, చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగిన డిఫెండర్లు ఇద్దరు వెళ్లిపోయారు. ఒకడు ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్, రెండోవాడు జారెల్ క్వాన్సా. ట్రెంట్ గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. మా మూడు లాంతర్ల దగ్గర టీ తాగేటప్పుడు ఎక్కువ గొడవ అయింది మాత్రం క్వాన్సా గురించే.

"గుంటడ్ని అమ్మీసారేటి మావా!"

"అమ్మీక ఏటి సేస్తారు? బెంచీ మీద కూకోబెట్టి సాకుతారా?"

ఈ రెండు మాటల చుట్టూనే అంతా తిరిగింది. క్వాన్సా ఐదేళ్ల వయసులో లివర్‌పూల్ అకాడమీలో చేరాడు. 2023 ఆగస్టులో న్యూకాజిల్ మీద, పదిమందితో ఆడుతున్న జట్టులోకి సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి తొలి మ్యాచ్ ఆడాడు. అప్పటి కోచ్ క్లాప్ చివరి సీజన్లో కెప్టెన్ వాన్ డైక్ పక్కన నిలబడి ఎన్నో మ్యాచ్‌లు లాక్కొచ్చాడు. తర్వాత కోచ్‌గా స్లాట్ వచ్చాడు. 2024 ఆగస్టులో ఇప్స్‌విచ్‌తో మొదటి లీగ్ మ్యాచ్‌లో మొదటి సగం అవ్వగానే క్వాన్సాని తీసేసి కొనాటేని దించాడు. ఎదుటివాళ్లతో ముఖాముఖి పోరాటాల్లో చాలా ఓడిపోతున్నామన్నది ఆయన చెప్పిన కారణం. ఆ తర్వాత కుర్రాడికి అవకాశాలు తగ్గిపోయాయి. జట్టు లీగ్ గెలిచింది, ఇతను ఎక్కువగా బెంచీ మీదే ఉన్నాడు. 2025 జూన్‌లో ఇంగ్లండ్ అండర్-21 జట్టుతో యూరో కప్పు గెలిచి, జులైలో జర్మనీకి, బేయర్ లెవర్‌కుసెన్‌కి వెళ్లిపోయాడు. ధర 30 మిలియన్ పౌండ్లు, షరతులు నెరవేరితే ఇంకో ఐదు. మన లెక్కలో సుమారు 350 కోట్లు. దాంతోపాటు లివర్‌పూల్ తిరిగి కొనుక్కునే హక్కు కూడా రాసుకుంది.

పోతాననేవాణ్ని ఏ క్లబ్బూ కట్టేసి ఉంచలేదు. ఎలా పంపాలన్నదే ప్రశ్న. ఉన్న దారులు నాలుగు: కాంట్రాక్టు అయిపోయేదాకా ఆగి వదులుకోవడం, ఉన్నపళంగా తెగనమ్మడం, తిరిగి కొనే హక్కు పెట్టుకుని అమ్మడం, లోన్ మీద, అంటే కొంతకాలం అద్దెకిచ్చినట్టు, వేరే క్లబ్బుకి పంపడం.

మొదటిది తేలిగ్గా తేలిపోతుంది. ట్రెంట్ కాంట్రాక్టు 2025 జూన్ 30తో అయిపోయేది. పొడిగించలేదు. మే నెలలో వెళ్లిపోతున్నానని ప్రకటించాక ఆర్సెనల్‌తో మ్యాచ్‌కి దిగితే సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనే కొందరు వెక్కిరింతగా అరిచారు. క్లబ్ వరల్డ్ కప్పుకి ముందే కావాలనుకున్న రియల్ మాడ్రిడ్ పది మిలియన్ యూరోల దాకా ఇచ్చింది. ఆ స్థాయి ఆటగాడికి అది చిల్లర కిందే లెక్క. మా గుంపులో అతని 66 నంబరు జెర్సీ ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకడు బీరువాలో పడేశాడు, రెండోవాడు దాన్ని క్రికెట్ ఆడ్డానికి వేసుకొస్తన్నాడు. డబ్బు రాదు, మర్యాదా మిగలదు. తప్పు ఆటగాడిదా క్లబ్బుదా అని వాదించుకోవచ్చు గానీ, కాంట్రాక్టులో రెండేళ్లు మిగిలుండగానే కూర్చోబెట్టి మాట్లాడాల్సింది క్లబ్బే.

ఇంకా చెడ్డ వెళ్లిపోవడాలు కూడా ఉన్నాయి. మా వీధిలో ఖరగ్‌పూర్ రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నారు, మోహన్ బగాన్ అంటే ప్రాణం. మా ఉత్తరాంధ్రలో ఖరగ్‌పూర్ చుట్టరికం లేని ఇల్లు తక్కువ, ఆ రైలెక్కి వెళ్లినవాళ్లతోపాటే కలకత్తా ఫుట్‌బాల్ కూడా ఇటు దిగింది. 2024లో డిఫెండర్ అన్వర్ అలీ ఢిల్లీ ఎఫ్‌సీ నుంచి బగాన్‌కి లోన్ మీద ఆడుతూ, ఆ ఒప్పందం మధ్యలోనే తెంచుకుని ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అంటే పోయి పోయి బగాన్‌కి బద్ధ శత్రువైన ఆ క్లబ్బుకే. ఫెడరేషన్ కమిటీ నాలుగు నెలల నిషేధం, దాదాపు 13 కోట్ల పరిహారం అంది. అది ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది, కమిటీ ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ విచారణ మొదలెట్టాల్సొచ్చింది. మేం క్వాన్సా కోసం బాధపడుతుంటే ఆయన నవ్వారు. "ఒరే బాబూ, మీ గుంటడు సెప్పి ఎల్నాడు, డబ్బులిప్పించి ఎల్నాడు. మావోడు పక్కింట్లో దూరినాడు." దీనికి మా దగ్గర సమాధానం లేదు.

రెండో దారి తెగనమ్మడం. దీన్ని అభిమానులు తిట్టినంతగా అకౌంటెంట్లు ప్రేమిస్తారు. ప్రీమియర్ లీగ్‌లో 2025 వేసవి నాటి రూలు ప్రకారం మూడేళ్లలో క్లబ్బు నష్టం 105 మిలియన్ పౌండ్లు దాటకూడదు. బయటి ఆటగాణ్ని 50 మిలియన్లకి ఐదేళ్ల కాంట్రాక్టు మీద కొంటే ఆ ఖర్చుని ఏడాదికి పది చొప్పున పరుస్తారు. అదే అకాడమీలో పెరిగినవాడైతే పుస్తకాల్లో వాడి కొన్న ధర సున్నా. 30 మిలియన్లకి అమ్మితే ఆ 30 మిలియన్లూ ఆ ఏడాది లాభమే. అందుకే పెద్ద క్లబ్బులు తమ సొంత పిల్లల్నే ముందుగా బజారులో పెడుతున్నాయి. కోచ్‌కి నచ్చకపోవడం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు.

చెల్సీని చూడండి. 2021లో ఫికాయో టొమోరీని మిలాన్‌కి, మార్క్ గేహీని 18 మిలియన్ పౌండ్లకి క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మేసింది. టొమోరీ మరుసటి ఏడాదే ఇటలీ లీగ్ గెలిచాడు. గేహీ 2025 మేలో ప్యాలెస్ కెప్టెన్‌గా ఎఫ్‌ఏ కప్పు ఎత్తాడు. ఆ మధ్యకాలంలో చెల్సీ సెంటర్ బ్యాక్‌ల మీద, అంటే గోలు ముందు నడిమధ్యలో కాపు కాసే డిఫెండర్ల మీద, ఎన్ని వందల మిలియన్లు పోసిందో ఆ క్లబ్బు అభిమానిని అడగండి, గంటసేపు చెప్తాడు. తెగనమ్మేటప్పుడు కనీసం తర్వాతి అమ్మకంలో వాటా రాసుకోవాలి. మాంచెస్టర్ యునైటెడ్ 2024లో అల్వారో కరేరాస్‌ని ఆరు మిలియన్ యూరోలకి బెన్ఫికాకి వదిలేసింది. ఏడాది తిరిగేసరికి మాడ్రిడ్ అతనికి 50 మిలియన్లు పెట్టింది. వాటా ఉంది కాబట్టి యునైటెడ్‌కి ఎంతో కొంత దక్కింది, లెఫ్ట్ బ్యాక్ మాత్రం దక్కలేదు.

డిఫెండర్ల విషయంలో తెగనమ్మడం ఎందుకు మరీ ప్రమాదమంటే, వాళ్లు ఆలస్యంగా పండుతారు. పంతొమ్మిదేళ్ల వింగర్‌ని చూసి వీడు స్టార్ అని చెప్పెయ్యొచ్చు. సెంటర్ బ్యాక్ అలా కాదు. ఎప్పుడు ముందుకెళ్లాలి, ఎప్పుడు ఆగాలి, పక్కవాణ్ని ఎంత దూరంలో ఉంచుకోవాలి అన్నవి మ్యాచ్‌లు ఆడి, తప్పులు చేసి, గోల్స్ తిన్నాకే వస్తాయి. వాన్ డైక్‌నే తీసుకోండి. 22 ఏళ్లు నిండబోతుండగా అతని కోసం స్కాట్లండ్ క్లబ్బు సెల్టిక్ పెట్టింది మూడు మిలియన్ పౌండ్ల లోపే. 2018 జనవరిలో, 26 ఏళ్లప్పుడు, లివర్‌పూల్ 75 మిలియన్లు పెట్టింది. నాలుగున్నరేళ్ల తేడాకి అంత ధర. 22 ఏళ్ల డిఫెండర్‌ని ఇవాళ్టి రేటు చూసి అమ్మేస్తే రేపటి రేటుకి వేరేవాణ్ని కొనాల్సొస్తుంది.

అందుకే మూడో దారి నాకు నచ్చుతుంది. పొలం అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ ఉన్న తేడా లాంటిదే తిరిగి కొనే హక్కు. దీనికి అసలైన ఉదాహరణ లెవర్‌కుసెన్‌దే కావడం తమాషా. 2012లో రియల్ మాడ్రిడ్ రైట్ బ్యాక్ దానీ కార్వాహల్‌ని ఐదు మిలియన్ యూరోలకి లెవర్‌కుసెన్‌కి అమ్మింది. ఒక్క సీజన్ అక్కడ ఆడించి 2013లో ఆరున్నర మిలియన్లకి వెనక్కి తెచ్చుకుంది. ఆ ఒకటిన్నర మిలియన్ల తేడాకి వచ్చినవి ఆరు ఛాంపియన్స్ లీగ్ కప్పులు. మా గుంపులో క్వాన్సా అమ్మకాన్ని సమర్థించినవాళ్లంతా ఈ పేరే చెప్పారు. "కార్వాహల్ లాగే వస్తాడురా, సూడండి."

వస్తాడేమో. కానీ ఆ మాట అన్నవాళ్లు ఒక సంగతి మర్చిపోతున్నారు. తిరిగి కొనే హక్కు రేపటికి పనికొస్తుంది గానీ ఇవాళ్టికి పనికిరాదు. లివర్‌పూల్ క్వాన్సా స్థానంలో 18 ఏళ్ల జొవాన్ని లియోనీని పార్మా నుంచి 26 మిలియన్లకి తెచ్చింది. సెప్టెంబరులో సౌతాంప్టన్‌తో లీగ్ కప్పు మ్యాచ్ అతనికి మొదటిది. అందులోనే మోకాలి లిగమెంటు తెగి సీజన్ అయిపోయింది. ప్యాలెస్ నుంచి గేహీ మాకు రావాల్సింది. సెప్టెంబరు 1న, గడువు మన టైములో రాత్రి పదకొండున్నరకి ముగుస్తుందనగా, 35 మిలియన్ల ఒప్పందం చివర్లో చెడింది. ప్యాలెస్‌కి బదులు ఆటగాడు దొరకలేదు, కెప్టెన్‌ని వదల్లేదు. ప్యాలెస్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. బదులు చేతిలోకి రాకుండా ఉన్నవాణ్ని పంపకూడదని వాళ్లకి తెలిసింది, మాకు తెలియలేదు. ఆ తర్వాత మ్యాచ్ మీద మ్యాచ్ ఓడిపోతుంటే బెంచీ మీంచి దింపడానికి సరిపడా సెంటర్ బ్యాక్‌లు లేరు. తిరిగి కొనే కాగితం మైదానంలో దిగి ఆడదు కదా.

ఇంకోటి, పెద్దగా ఎవరూ పట్టించుకోనిది. ఛాంపియన్స్ లీగ్‌కి ఇచ్చే 25 మంది జాబితాలో ఎనిమిది చోట్లు స్థానికంగా తయారైనవాళ్లకే, అందులో నాలుగు ఆ క్లబ్బులోనే పెరిగినవాళ్లకి. ఆ నాలుగూ నిండకపోతే చోటు ఖాళీగా వదిలెయ్యాలి, డబ్బు పోసి నింపడం కుదరదు. ఒకే వేసవిలో ట్రెంట్, క్వాన్సా, గోల్‌కీపర్ కెల్లెహర్ ముగ్గుర్నీ పంపేసింది మా క్లబ్బు. అకాడమీ పిల్లల ధర ఎంతో లెక్కేసేటప్పుడు ఈ చోటు విలువ కూడా కలపాలి.

నాలుగోది లోన్. అభిమానులకి ఎక్కువ చిరాకు తెప్పించేది, నా లెక్కలో ఎక్కువ లాభం ఇచ్చేది కూడా ఇదే. ఆర్సెనల్ 2019లో విలియం సాలిబాని 18 ఏళ్లకే కొని, వరసగా సెయింట్ ఎటియెన్, నీస్, మార్సేకి లోన్ మీద తిప్పింది. మూడేళ్లపాటు ఆర్సెనల్ తరఫున ఒక్క పోటీ మ్యాచ్ కూడా ఆడలేదు. అభిమానులు కోచ్‌ని తిట్టని రోజు లేదు. మూడో ఏడు ఫ్రెంచి లీగ్‌లో ఉత్తమ యువ ఆటగాడై వచ్చాడు. 2022 ఆగస్టులో ఆర్సెనల్ తరఫున తొలి మ్యాచ్ ఆడిన దగ్గర్నుంచి అతను లేకుండా ఆ డిఫెన్స్‌ని ఊహించలేం. చెల్సీ కూడా లెవీ కోల్‌విల్ విషయంలో ఒళ్లు దగ్గరపెట్టుకుంది. హడర్స్‌ఫీల్డ్, తర్వాత బ్రైటన్, వెనక్కి రాగానే పొడుగాటి కాంట్రాక్టు.

లోన్ పని చెయ్యాలంటే పంపే ముందే కాంట్రాక్టు పొడిగించాలి, జనవరిలో వెనక్కి పిలిచే షరతు పెట్టుకోవాలి. ఆ షరతు ఉంటే లియోనీ లాంటి దెబ్బ తగిలినప్పుడు జనవరిలో కుర్రాడు మళ్లీ డ్రెస్సింగ్ రూమ్‌లో ఉంటాడు. 2024 నుంచి ఫీఫా రూలు ప్రకారం విదేశాలకి ఒక క్లబ్బు ఆరుగుర్నే లోన్ మీద పంపొచ్చు గానీ, 21 ఏళ్లలోపు వాళ్లకీ క్లబ్బులో పెరిగినవాళ్లకీ మినహాయింపు ఉంది. అంటే క్వాన్సాకి ఆ తలుపు తెరిచే ఉంది. నన్నడిగితే 2024 వేసవిలోనే, ఇప్స్‌విచ్ మ్యాచ్‌కి ముందే, ఏడాది లోన్‌కి పంపాల్సింది. 2025కి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. లీగ్ గెలిచిన జట్టులో ఉండి, యూరో కప్పు గెలిచినవాడు "అద్దెకెళ్లు" అంటే వెళ్తాడా? అప్పుడిక తిరిగి కొనే హక్కుతో అమ్మడమే ఉన్నవాటిలో మేలు. అమ్మకంలో తప్పులేదు. బదులు రాకముందే అమ్మడంలోనూ, అంతకు ముందు ఏడాది చేతులు కట్టుకుని కూర్చోవడంలోనూ ఉంది తప్పంతా.

ఇక కుర్రాడి వైపు. మా నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. అక్కడ బరువులెత్తి పెరిగిన పిల్లలకి ఆర్మీలోనో రైల్వేలోనో ఉద్యోగం వస్తే ఆ సంస్థ తరఫునే ఎత్తుతారు, ఊరు మోసం చేశారని ఎవరూ అనరు. క్వాన్సా లెవర్‌కుసెన్‌లో మొదటి లీగ్ మ్యాచ్‌లోనే హోఫెన్‌హైమ్ మీద ఆరో నిమిషంలో తలతో గోలు కొట్టాడు, జట్టు మాత్రం 2-1తో ఓడింది. అక్కడి కోచ్ టెన్ హాగ్‌ని రెండంటే రెండు లీగ్ మ్యాచ్‌లకే సెప్టెంబరు 1న, అంటే మా గేహీ ఒప్పందం చెడిన రోజే, తీసేశారు. కోచ్ మారినా కుర్రాడు జట్టులో నిలబడ్డాడు, నవంబరులో ఇంగ్లండ్ సీనియర్ జట్టుకి కూడా ఆడాడు. ఇప్పుడతన్ని తిరిగి కొంటామంటే రావాలా వద్దా అని ఆలోచించుకోవాల్సింది అతనే. కార్వాహల్ కథ చెప్పే మావోళ్లు ఆ సంగతి ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.