జిప్సం ఫినిషింగ్‌కి ప్లాస్టిక్ తాపీ: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

స్టీలు తాపీ పక్కన పెట్టి చూస్తే ప్లాస్టిక్ తాపీ ఆటవస్తువులా ఉంటుంది. చేతిలో బరువు తెలియదు, బొటనవేలితో నొక్కితే బ్లేడు వంగిపోతుంది. గోడ మీద ఇదేం పని చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ జిప్సం పూత పచ్చిదనం పోయి, ఇంకా గట్టిపడని ఆ మధ్య సమయంలో దీని పనితనం వేరు. అంతకుముందు ఇది పనికిరాదు, ఆ తర్వాత దీని అవసరం తక్కువ. కొన్న నెలకే మూలన పడేసేవాళ్లు చేసే పొరపాటు సాధారణంగా ఒక్కటే: స్టీలు మానేసి గోడంతా దీంతోనే లాగించేద్దామనుకోవడం.

పేరు దగ్గరే ఒక తికమక ఉంది. సిమెంటు పూతను రుద్దే మందపాటి ప్లాస్టిక్ పలకను కూడా ప్లాస్టిక్ తాపీ అనేస్తారు. అది వంగదు, అడుగు గరుకుగానో గళ్లుగళ్లుగానో ఉంటుంది. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. పైన పిడి, పిడి కింద అల్యూమినియం లేదా గట్టి ప్లాస్టిక్ వెన్ను, ఆ వెన్నుకు బిగించిన పలుచని నున్నటి ప్లాస్టిక్ బ్లేడు ఉన్న ఫినిషింగ్ తాపీ గురించి.

జిప్సం పొడి నీళ్లలో పడగానే నీటిని తనలో కలుపుకుని సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా మారడం మొదలుపెడుతుంది. ఆ సూదులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకోవడమే బిగుసుకోవడం. ఇది సగంలో ఉండగా తాపీ లాగితే గోడ మీదికి పాలు, అంటే సన్నటి జిప్సం కలిసిన తెల్లటి నీళ్లు, వస్తాయి. సూది బెజ్జాలను, పాత తాపీ గీతలను పూడ్చేవి ఆ పాలే. స్టీలు అంచు గట్టిది కాబట్టి ఎత్తు మీద పాలను గోకేసి, పల్లాన్ని తాకకుండా దాటిపోతుంది. ప్లాస్టిక్ బ్లేడు గోడకు తగ్గట్టు వంగి, పాలను ముందుకు దొర్లించుకుంటూ బెజ్జాల్లోకి నొక్కుతుంది. కళ్లు దగ్గర పెట్టి చూస్తే బ్లేడు అంచు ముందు అగ్గిపుల్ల మందాన తెల్లటి గీత ఒకటి దొర్లుతూ కనిపిస్తుంది. అది దాటిపోయిన చోట బెజ్జాలు ఉండవు. గీత అసలు రావడం లేదంటే గోడ చేయి దాటిపోయింది. గీత లావెక్కి కిందికి కారుతుంటే ఇంకా ఆగాలి.

వంగడమే దీని బలం, వంగడమే దీని లోపం. పల్లంలో పల్లంగా, ఎత్తులో ఎత్తుగా నడిచే బ్లేడు గోడను నున్నగా చేస్తుంది కానీ మట్టం చేయలేదు. మాల్ (నీళ్లతో కలిపిన జిప్సం ముద్ద) ఎక్కించడం, పొడవాటి బద్దతో సరిచేయడం, అలలు తీయడం అన్నీ స్టీలుతోనే అయిపోవాలి. అలలున్న గోడ మీద ప్లాస్టిక్ తాపీ పడితే నున్నటి అలలు మిగులుతాయి, అంతే. రంగు వేశాక కిటికీ వెలుతురు పక్కవాటుగా పడినప్పుడు వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. అందుకే ప్లాస్టిక్ చేతికి తీసుకునే ముందే టార్చిలైటు గోడకు ఆనించి పక్కనుంచి వెలుతురు వేసి చూడాలి. అప్పటికి కనిపించిన పల్లం పూడ్చుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది.

పూత మొత్తం 2 నుంచి 3 మి.మీ. అనుకుంటే పని ఇలా సాగుతుంది. మొదటి చేయి, అంటే మొదటి పూత, స్టీలుతో 2 మి.మీ. దాకా. అది కాస్త బిగిశాక రెండో చేయి 1 మి.మీ., అదీ స్టీలుతోనే, వెంటనే చదును. ఇక ఆగాలి. ఈ ఆగడంలోనే అనుభవం లేని చేయి తొందరపడుతుంది. గడియారం కంటే వేలిని నమ్మడం మేలు: వేలికొన ఆనిస్తే గోడ మీద ముద్ర పడాలి, వేలికి తడి తగలాలి, మాల్ మాత్రం అంటకూడదు. ప్లాస్టిక్ తాపీ ఎత్తాల్సింది అప్పుడు. కలిపిన గంటన్నరకు బిగిసే రకం జిప్సం అయితే ఆ స్థితి గంటకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. నీళ్లు బాగా పీల్చే గోడ అయితే అంతకు చాలా ముందే వచ్చేస్తుంది. పీల్చని గోడ మీద, అంటే పాత రంగు మీద జిగురు పూసి చేసిన పనిలో, ఆలస్యమవుతుంది.

మొదటిసారి లాగేటప్పుడు బ్లేడు ముందంచు గోడ నుంచి వేలి మందం ఎత్తి ఉంచితే చాలు. ఒత్తిడి మణికట్టు నుంచి కాకుండా భుజం నుంచి రావాలి. చేయి ఆపకుండా పొడుగ్గా లాగాలి, పక్క లాగుడు ముందుదాని మీద మూడో వంతైనా పడాలి. మొదటి చుట్టు నిలువుగా అయితే 10, 15 నిమిషాల తర్వాత రెండోది అడ్డంగా. గోడ బిగిసేకొద్దీ తాపీని మరికాస్త నిలబెట్టి, ఒత్తిడి పెంచాలి. బ్లేడు జారుతూ కరకరమంటోందంటే దాని పని అయిపోయింది, ఇక నొక్కినా ఉపయోగం లేదు. అక్కడ 0.4 లేదా 0.5 మి.మీ. మందం ఉన్న వంగే స్టీలు తాపీ తీసుకుని, నీళ్లు లేకుండా ఒక్క చుట్టు ముగించేయొచ్చు. పైన రంగే వేస్తారనుకుంటే ఆ చివరి స్టీలు చుట్టు మానేసినా నష్టం లేదు. ప్లాస్టిక్ వదిలిన గోడకు మెరుపు తక్కువగా ఉంటుంది, అలాంటి గోడ రంగును బాగా పట్టుకుంటుంది. స్టీలుతో అతిగా రుద్ది అద్దంలా చేసిన గోడ మీద మొదటి పల్చటి రంగు పూత ఇంకదు. టేపు అంటించి పీకితే రంగు దాంతోపాటే వచ్చేస్తుంది.

డబ్బు పెట్టి కొనడానికి అసలు కారణం నీళ్లు. స్టీలుతో మధ్య చుట్టు చేయాలంటే ఒక చేత్తో బ్రష్షుతో నీళ్లు చిమ్ముతూ రెండో చేత్తో లాగాల్సిందే, లేకపోతే అంచు పట్టేస్తుంది. ప్లాస్టిక్ అలా పట్టేయదు కాబట్టి చాలా గోడలకు స్ప్రే సీసాతో పొగమంచులా ఒకసారి చిమ్మితే సరిపోతుంది, కొన్నిటికి అదీ అక్కర్లేదు. సగం బిగిసిన జిప్సం మీద నీళ్లు ఎక్కువ కొడితే పై పొరలోని పాలు పలచబడి, ఆరాక అరచేతికి తెల్లగా అంటుకునే పొడి పొరగా మిగులుతుంది. రంగు పొరలు పొరలుగా లేచే గోడల్లో చాలావాటి రోగం ఇదే. ప్లాస్టిక్ తాపీ చేతికొచ్చాక కూడా పాత అలవాటుతో నీళ్లు కొట్టేవాళ్లున్నారు. అప్పుడు బ్లేడు నీటి పొర మీద తేలిపోతుంది, బెజ్జాలు పూడవు, నింద తాపీ మీద పడుతుంది.

బుడగల విషయంలోనూ దీనికి మంచి మార్కులే వేయాలి. పీల్చని గోడ మీద లోపలి గాలి వెనక్కి పోలేక పూత కింద చిన్న చిన్న బొబ్బలుగా లేస్తుంది. స్టీలుతో తొందరగా నొక్కితే బొబ్బ పక్కకు జరిగి ఇంకోచోట లేస్తుంది. కాసేపు ఆగి ప్లాస్టిక్‌తో, తక్కువ వాలులో, నెమ్మదిగా రెండు దిక్కులా లాగితే చాలామటుకు అణిగిపోతాయి. అయితే బాగా పచ్చిగా ఉన్నప్పుడు మొదలుపెడితే ప్లాస్టిక్ కూడా బొబ్బలను తరుముకుంటూ తిరగడమే చేస్తుంది.

ఇక లోపాలు. వాటిలో పెద్దది అంచు. కొత్త బ్లేడు డబ్బాలోంచి తీసి నేరుగా గోడ మీద పెడితే గీతలు పడతాయి, ఎందుకంటే కోసినచోట గోటికి తగిలే సన్నటి పొర మిగిలి ఉంటుంది. గట్టి, సమంగా ఉన్న పలక మీద 240 నంబరు ఎమరీ పేపరు పరిచి, తాపీని పనిలో పట్టుకునే వాలులోనే పట్టుకుని పది పదిహేనుసార్లు లాగాలి. తర్వాత 400 నంబరు మీద మరో పదిసార్లు. నాలుగు మూలలను వెంట్రుకవాసి గుండ్రం చేయాలి, లేకపోతే ప్రతి లాగుడు చివరా మూల ఒక గీత గీస్తుంది. అయ్యాక అంచుకు స్టీలు స్కేలు ఆనించి దీపం వైపు పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు రాకూడదు. మధ్యలో వెలుతురు కనిపిస్తే మళ్లీ పేపరు మీదికి వెళ్లాల్సిందే.

సానపెట్టిన అంచును పాడుచేసేవి మూడు: మూలల్లో పెట్టే ఇనుప బీడింగు, జిప్సం బోర్డుల్లో పైకి తేలిన స్క్రూ తలలు, మాల్‌లోని పలుకులు. బీడింగు మీదుగా లాగిన ప్రతిసారీ అదే చోట నొక్కు పడుతుంది. ఆ నొక్కు తర్వాతి గోడంతా సన్నటి ఎత్తు గీతగా అచ్చవుతుంది. మూల దగ్గర అరచేయి వెడల్పు భాగాన్ని స్టీలుకో చిన్న ప్లాస్టిక్ ముక్కకో వదిలేయడం మంచిది. పలుకుల సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. కడగని బకెట్లో కొత్త మాల్ కలిపితే పాత జిప్సం ముక్కలు రెండు విధాల చెడు చేస్తాయి. ఆ బిగిసిన ముక్కలే కొత్త స్ఫటికాలకు విత్తనాల్లా పనిచేసి మాల్‌ను గబగబా బిగిసేలా చేస్తాయి. పైగా స్టీలు కింద పలుకు నలిగిపోతుంది గానీ ప్లాస్టిక్ కింద నలగదు. బ్లేడు దాని మీదుగా ఎక్కి దిగుతుంది, వెనకాల తోకచుక్కలా గీత మిగులుతుంది. గోడ మీద అలాంటి తోకలు కనిపిస్తుంటే తాపీ మార్చకండి, బకెట్టు కడగండి.

బ్లేడు ఏ ప్లాస్టిక్‌తో చేశారో అడిగి కొనండి. పాలీకార్బొనేట్ అంచు చక్కగా తేరుతుంది, ఒత్తిడికి తట్టుకుంటుంది. కానీ దానికి థిన్నర్, అసిటోన్ లాంటివి తగిలితే లోపల వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, ఓ రోజు పనిలో పటుక్కున విరుగుతుంది. సున్నం, సిమెంటులోని క్షారం కూడా దానికి పడదు. వాటితో పనిచేస్తే అక్కడికక్కడే కడిగేయాలి. పాలీప్రొపిలీన్ క్షారానికి చలించదు కానీ మెత్తన, అంచు త్వరగా గుండ్రబడుతుంది. ఏదైనా సరే, ఎండలో నిలిపిన బండిలో బరువు కింద వంగిన స్థితిలో వదిలేస్తే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. చదునుగా పడుకోబెట్టాలి లేదా వేలాడదీయాలి. శుభ్రం చేయడం మాత్రం హాయి: ఎండిన జిప్సం బ్లేడును కాస్త వంచితే పెచ్చులుగా రాలిపోతుంది. ఇనుప స్క్రేపరు దగ్గరికి రానివ్వకూడదు.

బ్లేడు విడిగా మార్చుకునే రకమే తీసుకోవడం నయం. బ్లేడుకు, వెన్నుకు మధ్య సందు ఉంటే అందులో మాల్ దూరి గట్టిపడి, ఆ ఉబ్బు అంచును వంకర చేస్తుంది. కాబట్టి బిగింపు ఎలా ఉందో చూడాలి. వెన్ను బ్లేడు కంటే మరీ పొట్టిగా ఉంటే రెండు చివరలూ తోకల్లా ఊగుతాయి, చివర్లలో ఒత్తిడి ఉండదు. మరీ పొడుగైతే వంగే గుణమే పోతుంది. పరిమాణంలో మొదట 14 అంగుళాలది కొనండి. 11 అంగుళాలది కిటికీ పక్కలకు, బాత్రూము లాంటి ఇరుకు చోట్లకు. 18, 20 అంగుళాలవి పెద్ద హాలు గోడలకు, సీలింగుకు బాగుంటాయి. సీలింగు పనిలో ఈ తేలిక బరువు విలువ మణికట్టుకు సాయంత్రానికి తెలుస్తుంది.

జిప్సం కాని పూతల్లో తీర్పు మారుతుంది. ఇసుక ఉన్న సిమెంటు పూత మీద దీన్ని పెట్టడం దండగ, ఇసుక ఒక్క గోడకే అంచు తినేస్తుంది. లప్పం ఎక్కించడానికి స్టీలు పట్టే కావాలి, చివరి చుట్టుకు మాత్రం ప్లాస్టిక్ వాడితే ఎమరీ పని తగ్గుతుంది. తెల్లటి సున్నపు పూతల్లో మాత్రం ఇది తప్పనిసరి అని చెప్పొచ్చు. బిగిసిన సున్నం మీద స్టీలు ఎక్కువ రుద్దితే లోహం అరిగి నల్లటి మరకలు దిగుతాయి, రంగు వేయని గోడకు అది శాశ్వతం. ప్లాస్టిక్‌తో ఆ భయం లేదు. అద్దంలాంటి మెరుపు కావాలంటే మాత్రం ప్లాస్టిక్ ఇవ్వదు, దానికి స్టీలో, తడెలాక్ట్ అనే మొరాకో సున్నపు పూత పనిలోలా నున్నటి రాయో పట్టాలి. మట్టి పూతలకైతే పెరుగు డబ్బా మూతను కత్తిరించి వాడేవాళ్లున్నారు. నవ్వకండి, అది కూడా ఈ తాపీ సూత్రమే.

ఎమరీ మీద ఎంత లాగినా స్కేలు కింద వెలుతురు పోవడం లేదంటే బ్లేడు మార్చే వేళయింది. తీసేసిన బ్లేడును పారేయకుండా మూడు అంగుళాల ముక్కలుగా కోసి, అంచు ఎమరీ మీద తేర్చి ఉంచుకుంటే పైపుల వెనక, స్విచ్చు పెట్టెల చుట్టూ పిడి తాపీ పట్టని చోట్ల అవే దిక్కు.