గేటు దగ్గర జ్వరం గన్ను, గదిలో మూసిన కిటికీలు: కర్నూలులో ఒక ప్రైవేటు పాఠశాల

కర్నూలు నగరంలో మా పిల్లలిద్దరూ చదువుతున్న ప్రైవేటు పాఠశాలను చదువు విషయంలో తప్పుపట్టడానికి నాకు పెద్దగా కారణాలు లేవు. లెక్కలు, తెలుగు శ్రద్ధగా చెబుతారు. ఫీజు కూడా ఈ స్థాయి బడులతో పోలిస్తే ఎక్కువేమీ కాదు. అయితే కోవిడ్ వంటి అంటువ్యాధుల పట్ల ఆ యాజమాన్యం తీరు ఎలా ఉందో, వచ్చే ఏడాది పిల్లల్ని చేర్పించాలనుకునేవారు ముందే తెలుసుకోవడం మంచిది.

2025 వేసవిలో దేశంలో కేసులు మళ్లీ కొంత పెరిగినప్పుడు, బడి తెరిచిన కొత్తలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఈ చర్చ వేడిగానే సాగింది. "ఏం మేడం, ఇంగా కరోనా అంటే ఎట్ల? ఆ రెండేండ్లలో మా పిల్లోడు అక్షరాలే మర్చిపోయినాడు" అని ఒక తండ్రి అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. 2020 మార్చిలో మూతపడిన తరగతులు చిన్న పిల్లలకు పూర్తిగా గాడిన పడేసరికి ఎంత నష్టం జరిగిందో అందరం చూశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఉబ్బసంతో బాధపడే పాప తల్లి మాత్రం, బడి మూయమని ఎవరూ అడగడం లేదని, జ్వరంతో ఉన్న పిల్లల్ని పక్క బెంచీలో కూర్చోబెట్టవద్దని మాత్రమే అడుగుతున్నామని చెప్పారు. నా ఓటు ఆమెకే.

యాజమాన్యం ఇద్దరికీ తలూపి, గేటు దగ్గర జ్వరం గన్ను, శానిటైజరు సీసా పెట్టింది. ఆ గన్ను మణికట్టుకు చూపితే చాలాసార్లు 34 డిగ్రీల సెల్సియస్, అంటే మామూలు ఒంటి వేడి కంటే తక్కువే, చూపిస్తుంది; వాచ్‌మన్ అదే రాసుకుని లోపలికి పంపుతాడు. పొద్దున్నే పారాసిటమాల్ సిరప్ తాగి వచ్చిన పిల్లవాణ్ణి అది ఎలాగూ పట్టుకోలేదు. ఇక గాలి ద్వారా వ్యాపించే వ్యాధికి అసలు మందు గాలి ఆడడమే కాగా, ఏసీ తరగతి గదుల్లో కిటికీలన్నీ మూసే ఉంటాయి. మా అబ్బాయి గదిలో గడియలకు రంగు వేసినప్పుడు అవి అతుక్కుపోయాయి, ఇప్పుడు తెరుద్దామన్నా రావు. ఏసీ పేరుతో అదనపు రుసుము మాత్రం ఠంచనుగా వసూలవుతుంది.

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది నూరు శాతం హాజరుకు ఇచ్చే బహుమతి. వార్షికోత్సవంలో వేదికపై లామినేషన్ చేసిన పత్రం, ఒక మెడల్ ఇస్తారు. దాని కోసం పిల్లలు ఏడ్చి మరీ జ్వరంతో బడికి వస్తారు, సెలవు పెడితే నోట్సు పోతుందన్న భయంతో పెద్దలూ సరేనంటారు. మందు లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతేనే పంపాలన్న నియమం డైరీలో అచ్చయి ఉన్నా, ఈ బహుమతి ముందు దాన్ని ఎవరూ చదవరు.

ప్రిన్సిపల్ మేడంకు ఈ విషయం రాతపూర్వకంగా ఇచ్చాం. సెలవులో ఉన్న పిల్లలకు నోట్సు వాట్సాప్‌లో పంపడం మొదలైంది, అంతవరకు మెచ్చుకోవలసిందే. హాజరు మెడల్ సంగతి ఇంకా తేల్చలేదు. చేర్పించే ముందు ఆవరణ చూడడానికి వెళ్లేవారు తరగతి గదిలోకి కూడా వెళ్లి, ఒక కిటికీ తెరిచి చూపించమని అడగండి.