గోడకు తాపా: టోంగా న్గాతూనా, సమోవా సియాపోనా?

తాపా అంటే పసిఫిక్ దీవుల్లో చెట్టు బెరడుతో చేసే గుడ్డ. టోంగాలో దాన్ని న్గాతూ అంటారు, సమోవాలో సియాపో అంటారు. రెండింటికీ మూలం ఒక్కటే. పేపర్ మల్బరీ చెట్టు లోపలి బెరడును నానబెట్టి, కర్ర సుత్తితో బాది పలచగా సాగదీస్తారు. తేడా రంగు వేసే పద్ధతిలో ఉంది.

న్గాతూ పదిమంది ఆడవాళ్లు కలిసి చేసే పని. కుపేసి అనే ఉబ్బెత్తు నమూనాల మీద బెరడు పరిచి, రంగు గుడ్డతో రుద్దితే బొమ్మ పైకి తేలుతుంది. మీటర్ల కొద్దీ పొడవుంటుంది కాబట్టి, కోసి అమ్మే ముక్కలో నమూనా మధ్యలో తెగిందేమో చూడండి. పెద్ద హాలు గోడకు ఇదే నిండుగా ఉంటుంది.

సియాపోలో మమాను రకం చేత్తో గీసేది. గోధుమరంగు వేరే చెట్టు బెరడు రసం నుంచి, పసుపురంగు మనమూ వాడే పసుపు దుంప నుంచి వస్తాయి. గీత ఒక్కోచోట లావెక్కడం, సన్నబడడం లోపం కాదు, చేతి గుర్తు. చిన్న ఫ్రేముకి, బహుమతికి మా ఓటు దీనికే.

ఏది కొన్నా ముందు వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. నారపోగులు అడ్డదిడ్డంగా కనిపించాలి. నేత గళ్లు కనిపిస్తే అది అచ్చువేసిన గుడ్డ. ఉతకకండి: పొరలను అతికించేది పిండి జిగురే, తడిస్తే ఊడిపోతాయి. మడిస్తే మడత దగ్గర రంగు పగులుతుంది, గొట్టానికి చుట్టి దాచండి. ఫ్రేము కట్టిస్తే అద్దం తాపాకు తగలకుండా కాస్త ఖాళీ వదలమనండి.