ఇంగల్స్ కుటుంబం జాడలో రెండు ఉచిత సైట్లు

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పడమటి మైదానాలకు వలస వెళ్లిన ఒక రైతు కుటుంబం ఏ ఏట ఎక్కడ ఉన్నదో కాగితాల సాక్ష్యంతో తేల్చుకోవాలనుకునేవారికి చందా కట్టి చేరే సేవలు చాలానే ఉన్నాయి. అయితే ముందుగా చూడవలసినవి రెండు ఉచిత సైట్లేనని నా అభిప్రాయం. ఒకటి సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా లేటర్‌-డే సెయింట్స్ చర్చి నడుపుతున్న ఫ్యామిలీసెర్చ్, రెండవది అమెరికా ప్రభుత్వ విభాగమైన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైటు. వీటిని పరీక్షించడానికి నేను లారా ఇంగల్స్ వైల్డర్ నవలల ద్వారా లోకానికి పరిచయమైన ఆమె పుట్టింటినే ఎంచుకున్నాను. జవాబు ముందే తెలిసిన కుటుంబమైతేనే కదా, సైటు ఎంత చెబుతున్నదో, ఎక్కడ మౌనం వహిస్తున్నదో తెలిసేది!

ఫ్యామిలీసెర్చ్ వెనుక ఉన్న సంస్థ 1894లో యూటాలో వంశావళి సంఘంగా మొదలై, దశాబ్దాల తరబడి దేశదేశాల రికార్డులను మైక్రోఫిల్ముల్లోకి ఎక్కించి, సుమారు 24 లక్షల రీళ్లను డిజిటల్ రూపంలోకి మార్చే పనిని 2021లో పూర్తి చేసింది. ఖాతా తెరవాలి గాని రుసుము లేదు. వలసల పరిశోధకుడికి ఇందులో అన్నిటికంటే విలువైనవి జనాభా లెక్కల పత్రాలు. 1840 వరకు ఆ లెక్కల్లో కుటుంబ పెద్ద పేరొక్కటే రాసేవారు. 1850 నుంచి ఇంట్లోని బానిస కాని ప్రతి మనిషి పేరూ, వయసూ, పుట్టిన రాష్ట్రమూ నమోదయ్యాయి. బానిసలుగా ఉన్నవారికి మాత్రం ఆ పత్రంలో పేరు దక్కలేదు.

పుట్టిన రాష్ట్రం అనే ఆ ఒక్క గడి వలస దారిని చాలావరకు చెప్పగలదు. ఇంగల్స్ దంపతుల పిల్లల్లో మేరీ 1865లోనూ, లారా 1867లోనూ విస్కాన్సిన్‌లో పుట్టారు. క్యారీ 1870 ఆగస్టులో కాన్సస్‌లో పుట్టింది. గ్రేస్ 1877లో అయోవాలో పుట్టింది. 1880 నాటికి ఆ ఇల్లంతా డకోటా ప్రాంతంలోని డి స్మెట్‌లో ఉంది. ఈ వరుసను చూస్తే వారు సూర్యుడి వెంట పడమటికే సాగిపోలేదని అర్థమవుతుంది. నిజానికి వారు 1871లో కాన్సస్ వదిలి విస్కాన్సిన్‌కు, 1876లో మిన్నెసోటా నుంచి తూర్పున ఉన్న అయోవాకు వెనక్కి మళ్లారు. పదేళ్లకోసారి తీసే లెక్కల లోపమూ ఇక్కడే బయటపడుతుంది. 1875లో మిన్నెసోటాలో పుట్టి, మరుసటి ఏడాదే చనిపోయిన కొడుకు ఫ్రెడరిక్ 1870 పత్రంలో గాని, 1880 పత్రంలో గాని కనిపించే అవకాశమే లేదు. ఆ పైన 1890 లెక్కల్లో అత్యధిక భాగం 1921 నాటి అగ్నిప్రమాదం తరువాత మనకు మిగలలేదు కనుక, 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ల ఖాళీ తప్పదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా తీసిన లెక్కలే, ఉదాహరణకు మిన్నెసోటా 1885 లెక్క వంటివే, అక్కడ ఆధారం.

ఈ సైటును వాడేటప్పుడు సూచికను కాక అసలు పత్రం స్కాన్‌నే చదవాలి. చేతిరాతను ఎవరో చదివి ఎక్కించిన పేర్లు తారుమారు కావడం సహజం. అందరూ కలిసి దిద్దగల ఉమ్మడి వంశవృక్షాన్ని దారి చూపడానికే తప్ప రుజువుగా తీసుకోకూడదు. కొన్ని పత్రాలు ఆ సంస్థ కేంద్రాల్లోనో, అనుబంధ గ్రంథాలయాల్లోనో మాత్రమే తెరుచుకుంటాయన్నది మరో చిక్కు.

భూమి రికార్డుల సైటుకు ఖాతా కూడా అవసరం లేదు. 1788 నుంచి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన యాభై లక్షలకు పైగా భూహక్కుల రికార్డుల్లో పేరు, రాష్ట్రం, కౌంటీలను బట్టి వెతకవచ్చు; మన సర్వే నంబర్ల మాదిరిగా సెక్షన్, టౌన్‌షిప్, రేంజి ఇచ్చి చుట్టుపక్కల రైతులెవరో కూడా చూడవచ్చు. నాకు బాగా నచ్చింది ఈ రెండో పద్ధతే, ఎందుకంటే వలస వెళ్లినవారు తరచుగా బంధువులతోనూ, పాత ఇరుగుపొరుగుతోనూ కలిసే కదిలేవారు. లారా తండ్రి చార్లెస్ ఇంగల్స్ 1880లో హోమ్‌స్టెడ్ (కాపురముండి సాగు చేసేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చే) చట్టం కింద దరఖాస్తు చేసిన భూమి కింగ్స్‌బరీ కౌంటీలో 110వ టౌన్‌షిప్, 56వ రేంజి, 3వ సెక్షన్ ఈశాన్య భాగం. 1862 నాటి ఆ చట్టం ప్రకారం 160 ఎకరాల వరకు తీసుకుని, అయిదేళ్లు కాపురముండి సాగు చేస్తే పట్టా దక్కేది. ఆయన 1886లో ఆ రుజువు సమర్పించారు.

ఇక కాన్సస్ సంగతి. 1870 జనాభా లెక్కలో మాంట్‌గోమరీ కౌంటీలో ఉన్న ఈ కుటుంబానికి అక్కడి పట్టా ఏదీ ఉండదు. వారు ఇల్లు కట్టుకున్నది ఒసేజ్ అనే అమెరికా ఆదివాసీ జాతివారి భూమిలో. అప్పటికి దాని మీద వలసదారులకు హక్కే లేదు. గెలిచి పట్టా పొందినవారినే చూపించే ఇటువంటి సైటులో పేరు దొరకనంత మాత్రాన ఆ కుటుంబం అక్కడ లేదని అనుకోకూడదు.

పట్టాలో భూమి హద్దులే తప్ప బతుకు కనిపించదు. ఇంటి కొలతలు, దున్నిన ఎకరాలు, ఇద్దరు సాక్షుల వాంగ్మూలాలు ఉండే దస్త్రం వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది, దానికి రుసుము కట్టాలి. భూమి కార్యాలయం పేరు, సర్టిఫికెట్ నంబరు, భూమి వివరణ ఈ సైటులోనే దొరుకుతాయి కనుక, వాటిని రాసుకున్న తరువాతే దరఖాస్తు పంపడం మంచిది.