పార్వో సీక్వెన్సింగ్ టెస్ట్: మా బంటీకి చేయించాక రాస్తున్నా

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. మా బంటీ రెండు నెలల నాటు కుక్కపిల్ల. మొదటి టీకా వేయించిన నాలుగో రోజు వాంతులు, ఐదో రోజుకి నెత్తుటి విరేచనాలు. క్లినిక్‌లో టెస్ట్ స్ట్రిప్ మీద రెండు గీతలు పడ్డాయి, అంటే పార్వో, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్. "టీకా వల్లే వచ్చింది, వద్దంటే విన్నావా" అని అనంతపురం నుంచి మా అత్తగారు ఫోన్లో ఒకటే గొడవ. పక్కింటి అక్క తన కుక్కపిల్లకి టీకానే వద్దనుకుంది. నా లోపలా అదే గుబులు. నేనే తీసుకెళ్ళి సూది వేయించానే అని ఆ రాత్రంతా ఏడ్చాను.

సెలైన్ ఎక్కిస్తూ డాక్టరుగారు చెప్పారు: టీకాలో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్సే, అదీ కొన్నాళ్ళు మలంలో కనబడుతుంది. స్ట్రిప్పో మామూలు పీసీఆరో చూసి ఇది టీకా వైరస్సా, బయట అంటుకున్నదా అని తేల్చలేం, సీక్వెన్సింగ్ (వైరస్ జన్యు అక్షరాలను వరసగా చదవడం) చేయిస్తే తెలుస్తుంది. వైద్యం మాత్రం దానికోసం ఆగదు, మారదు అన్నారు. అయినా చేయించాను.

ల్యాబ్ ఊరికి ఆ చివర. శాంపిల్ తీసుకెళ్ళే అబ్బాయి సాయంత్రం 6 గంటలకని చెప్పి తొమ్మిదిన్నరకి వచ్చాడు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ నాకు తెలియనిది కాదు, కానీ థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్ అప్పటికే కరిగి నీరైపోయింది. లేవలేని పిల్లకి మర్నాడు మళ్ళీ స్వాబ్ తీయాల్సొచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

రిపోర్టు ఏడో రోజు మెయిల్లో వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే ఎత్తింది చిత్తూరు అమ్మాయి. "అక్కా, రెండో పేజీలో రంగు గీతలు చూడండి" అని పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పింది. పార్వో జన్యుపదార్థం మొత్తం ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసిన 5,000 పైచిలుకు అక్షరాలట, గీతల్లో ఒక్కో శిఖరం ఒక్కో అక్షరం, రంగుని బట్టి ఏ అక్షరమో తెలుస్తుంది. వైరస్ పైతొడుగు ప్రోటీన్‌లో 426వ చోటు చూడాలి, ఒక్కో చోటుకి మూడేసి అక్షరాలు. మావాడికి వేసిన టీకా పాత రకం, అక్కడ ఏ, ఏ, టీ ఉంటాయి. బంటీ రిపోర్టులో ఒక నల్ల శిఖరం, పక్కనే రెండు పచ్చవి: జీ, ఏ, ఏ. అంటే పార్వోలోనే 2సీ అనే రకం, 2000లో ఇటలీలో మొదట గుర్తించింది. టీకాది కాదు! టీకా పనిచేయడం మొదలయ్యేలోపే బయటి వైరస్ ఒంట్లో చేరిపోయింది. ఆ మూడు శిఖరాలను ఫోన్లో ఎన్నిసార్లు పెద్దవి చేసి చూసుకున్నానో.

పీసీఆర్‌కైతే ఏ వైరస్సో ముందే అనుకుని వెతకాలట. అన్నీ నెగటివ్ వచ్చి జబ్బు మాత్రం తగ్గకపోతే, శాంపిల్‌లో ఉన్న జన్యుపదార్థమంతా చదివే పరీక్ష ఉంది. విరేచనాలున్న కుక్కల్లో కోబూవైరస్ అనే ఇంకో వైరస్ 2011లో బయటపడింది అలాగే. "మీకది అక్కర్లేదక్కా, డబ్బు దండగ" అని తనే ఆపేసింది. అంటగట్టాలని చూడకపోవడం నాకు బాగా నచ్చింది.

మొత్తం 4,800 రూపాయలైంది. చేతిలో డబ్బు తక్కువుంటే ముందు సెలైన్‌కి, మందులకి పెట్టండి, ఇది తర్వాత. బంటీ ఎనిమిదో రోజుకి పెరుగన్నం నాకాడు. రిపోర్టు ప్రింటు తీసి పక్కింటి అక్కకి చూపించాను, ఆ శనివారమే తన పిల్లకి టీకా వేయించింది. మీరు చేయించేటట్టయితే శాంపిల్ ఆ అబ్బాయి చేతికివ్వకండి, రెండు ఐస్ ప్యాక్‌లు పెట్టుకుని మీరే తీసుకెళ్ళండి.