ప్రెస్టన్‌లో డిక్, కెర్ లేడీస్ నడక: 1921 దగ్గర ఆపేయకుండా ఉంటే బాగుండేది

ఇంగ్లాండ్‌లోని ప్రెస్టన్ ఊళ్లో డిక్, కెర్ లేడీస్ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర మీద ఒక గైడెడ్ వాక్ ఉంది. దానికి నేను 5కి 4 స్టార్లు ఇస్తున్నాను. ఆ నాలుగూ గైడ్‌గా వచ్చిన పెద్దావిడకి. తగ్గించిన ఒక్కటి, కథని మధ్యలో ఆపేసినందుకు. నడిపేవాళ్లకి నా అభిప్రాయం విడిగా మెయిల్ చేశాను కాబట్టి వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు.

నేను లాంకషైర్‌లో ఒక ఆసుపత్రిలో నర్స్‌ని. మాది తణుకు. మా అమ్మాయి ఇక్కడ అండర్-12 జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడుతుంది. దాని కోసమే టికెట్లు తీశాను. వచ్చేటప్పుడు మాత్రం దానికంటే నాకే ఎక్కువ పట్టుకుంది ఈ కథ.

నడక స్ట్రాండ్ రోడ్‌లో మొదలవుతుంది. డిక్, కెర్ కంపెనీ అక్కడే ట్రాములు, రైలు సామాను తయారు చేసేది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక మగవాళ్లు సైన్యానికి వెళ్లిపోతే ఆడపిల్లలు వచ్చి ఫిరంగి గుండ్ల పనిలో చేరారు. మధ్యాహ్నం బ్రేక్‌లో ఫ్యాక్టరీ ఆవరణలోనే బంతి తన్నుకునేవాళ్లు. 1917లో అక్కడి మగ అప్రెంటిస్‌లతో పందెం కట్టి ఆడారు. ఆ పందానికి ముందుకు తోసిన అమ్మాయి పేరు గ్రేస్ సిబ్బర్ట్. అప్పటికి ఆమె భర్త యుద్ధ ఖైదీ. ఆఫీసులో పనిచేసే ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ కిటికీలోంచి వీళ్ల ఆట చూసి, గాయపడిన సైనికుల కోసం ఒక ఛారిటీ మ్యాచ్ పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. గైడ్ గారు ఈ భాగాన్ని హడావిడి లేకుండా చెప్పారు. యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పని అంటే ఏమిటో, ఆ పేలుడు మందు ఒంటికి ఏం చేసేదో కూడా వివరించారు. నర్స్‌ని కాబట్టి అది నాకు ఇంకా బాగా అర్థమైంది. మ్యాచ్‌ల లెక్కలతో మొదలుపెట్టకుండా పనిచేసే చోటు నుంచి మొదలుపెట్టడం ఈ టూర్‌లో నాకు బాగా నచ్చిన విషయం.

అక్కడి నుంచి డీప్‌డేల్ స్టేడియం దాకా నడక. కాస్త దూరమే. పెద్దవాళ్లని తీసుకెళ్తే దారిలో కూర్చునే వీలు తక్కువని గుర్తుపెట్టుకోండి. వాన పడితే గొడుగు కన్నా రెయిన్ జాకెట్ మేలు, గాలికి గొడుగు నిలవదు.

డీప్‌డేల్ దగ్గర ఆ జట్టు జ్ఞాపకార్థం నల్లరాయి మీద చెక్కిన ఫలకం ఉంది. మొదటి మ్యాచ్ జరిగి వందేళ్లయిన సందర్భంగా 2017లో పెట్టారు. ఆ మొదటి మ్యాచ్ 1917 క్రిస్మస్ రోజున ఇదే మైదానంలో జరిగింది. ఇంకో ఫ్యాక్టరీ జట్టు మీద 4-0తో గెలిచారు. 10 వేల మంది చూడటానికి వచ్చారు. వసూలైన డబ్బు పక్కనే మూర్ పార్క్‌లో ఉన్న సైనికుల ఆసుపత్రికి వెళ్లింది. గైడ్ గారు మూర్ పార్క్ వైపు చెయ్యి చూపించి, టికెట్ డబ్బు ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి అన్నారు. మాతో వచ్చిన కొలీగ్ శ్రీకాకుళం అమ్మాయి. "అక్కా, మన ఊళ్లో ఇలాంటి మ్యాచ్ పెడితే ఎంతమంది వస్తారంటావు?" అని అడిగింది. నాకు జవాబు తట్టలేదు.

తర్వాత మూడేళ్ల కథ ఆవిడ చెప్తుంటే టూర్‌లో ఎవరూ ఫోన్ తీయలేదు. 1920లో ఫ్రాన్స్ నుంచి ఆడవాళ్ల జట్టు వచ్చి వీళ్లతో ఆడింది. అదే ఏడు డిసెంబర్‌లో డీప్‌డేల్‌లోనే రాత్రి పూట ఒక మ్యాచ్. శత్రు విమానాల కోసం ఆకాశం వెతికే సెర్చ్‌లైట్లు రెండు, సైనిక శాఖ అనుమతితో తెచ్చి పెట్టారు. ఆ అనుమతి ఇచ్చింది అప్పటి మంత్రి విన్‌స్టన్ చర్చిల్. చీకట్లో బంతి కనపడాలి కదా, అందుకని ఒకతను మైదానం పక్కన కూర్చుని బంతులకి సున్నం కొడుతూ ఇచ్చేవాడట. మా అమ్మాయికి ఈ ఒక్క ముక్క జీవితాంతం గుర్తుంటుంది.

ఆ తర్వాత పది రోజులకే, 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్ గుడిసన్ పార్క్‌లో సెయింట్ హెలెన్స్ లేడీస్‌తో మ్యాచ్. లోపల 53 వేల మంది. చోటు లేక వేలమంది గేటు బయటే ఉండిపోయారు. మళ్లీ 4-0. ఒక్క రోజులో 3,115 పౌండ్లు ఛారిటీకి వచ్చాయి. ఆడవాళ్ల క్లబ్ మ్యాచ్‌కి అంతమంది మళ్లీ రావడానికి 2019 దాకా, మాడ్రిడ్‌లో అట్లెటికో, బార్సిలోనా ఆడిన రోజు దాకా ఆగాల్సి వచ్చింది. అదే గుడిసన్ పార్క్ ఇప్పుడు ఎవర్టన్ మహిళల జట్టుకి సొంత మైదానం. ఈ సంగతి గైడ్ గారు చెప్పినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

1921లో వీళ్లు 67 మ్యాచ్‌లు ఆడారు. చూసినవాళ్లు దాదాపు 9 లక్షల మంది. అందరూ ఫ్యాక్టరీలో ఫుల్ టైమ్ పని చేస్తూనే ఆడారు. ఖర్చుల కింద మ్యాచ్‌కి 10 షిల్లింగులు వచ్చేవి. ఆ ఏడాది బొగ్గు గనుల యజమానులు గేట్లకి తాళాలేస్తే, కూలి లేని గని కార్మికుల కుటుంబాల కోసం ఆడవాళ్ల జట్లు మ్యాచ్‌లు ఆడి డబ్బు పోగుచేశాయి. సైనికుల కోసం ఆడినంత కాలం మెచ్చుకున్న పెద్దమనుషులకి ఇది నచ్చలేదు. 1921 డిసెంబర్ 5న ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తీర్మానం చేసింది: ఈ ఆట ఆడవాళ్లకి బొత్తిగా తగదు, ప్రోత్సహించకూడదు, మా సభ్య క్లబ్బులేవీ వాళ్లకి మైదానాలు ఇవ్వకూడదు. ఛారిటీ డబ్బులో ఖర్చులకే ఎక్కువ పోతోందన్న ఆరోపణ కూడా చేర్చారు.

ఇక్కడ గైడ్ గారు ఒక్క క్షణం ఆగి, వెంటనే 2019కి వచ్చేశారు. మాంచెస్టర్‌లోని నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఈ జట్టు స్టార్ ప్లేయర్ లిలీ పార్ విగ్రహం పెట్టారని, 2022లో వెంబ్లీలో మహిళల యూరో ఫైనల్‌కి 87,192 మంది వచ్చారని చెప్పి ముగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి మాత్రం చెయ్యెత్తి అడిగింది: "మరి 1921 తర్వాత లిలీ పార్ ఏం చేసింది?"

ఆవిడ చక్కగానే జవాబు చెప్పారు. కానీ ఎవరో ఒకరు అడిగితే వచ్చే జవాబుగా మిగిలిపోకూడదు అది. ఎందుకంటే ఆ జట్టు 1921లో చనిపోలేదు. ఇంకో 44 ఏళ్లు ఆడింది. మొదటి నాలుగేళ్లకి రెండు గంటలు, తర్వాతి 44 ఏళ్లకి రెండు నిమిషాలు కేటాయించడం నా మనసుకి ఎక్కలేదు.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నవి చెప్తాను. 1922లో వీళ్లు ఓడెక్కి కెనడా బయల్దేరారు. అక్కడి అసోసియేషన్ ఆడనివ్వలేదు. సరే అని అమెరికా వెళ్లి మగవాళ్ల జట్లతో తొమ్మిది మ్యాచ్‌లు ఆడారు. మూడు గెలిచారు, మూడు డ్రా, మూడు ఓడారు. 1926లో జట్టుని నడిపే ఫ్రాంక్‌లాండ్‌కీ కంపెనీకీ చెడింది. కంపెనీ అప్పటికే ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ అనే ఇంకో కంపెనీ చేతుల్లో ఉంది. జట్టు పేరు ప్రెస్టన్ లేడీస్ అయింది. కంపెనీ అండ పోయింది. చాలామంది ప్లేయర్లు ఊరి బయట విటింగ్‌హామ్ మానసిక వైద్యశాలలో నర్సులుగా చేరారు. లిలీ పార్ కూడా అక్కడే చేరి రిటైర్ అయ్యేదాకా పనిచేసింది. 14 ఏళ్ల వయసులో సెయింట్ హెలెన్స్ నుంచి వచ్చిన పిల్ల, దాదాపు ఆరడుగుల మనిషి, ఎడమ కాలితో కొడితే గోల్‌కీపర్లు భయపడే ప్లేయర్. ఆమె వార్డు డ్యూటీ చేసి ఆడింది. 1951 దాకా ఆడింది.

ఇది చదివాక నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. పన్నెండు గంటల షిఫ్ట్ అయ్యాక కాళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. పేషెంట్ మనల్ని కొట్టిన రోజు ఇంటికి ఎలా వస్తామో తెలుసు. ఆ కాళ్లతో పార్కులోనో, రగ్బీ గ్రౌండ్‌లోనో, అద్దెకి దొరికిన ఏదో ఒక మైదానంలోనో ఆడారు వాళ్లు. మూసేసింది గేట్లు మాత్రమే కాదని కూడా అప్పుడే అర్థమైంది. పెద్ద మైదానం లేకపోతే టికెట్లు లేవు. టికెట్లు లేకపోతే ఛారిటీకి ఇచ్చేది తక్కువ, బస్సు ఖర్చుకి మిగిలేది ఇంకా తక్కువ. 1921లో ఇంగ్లాండ్‌లో 150 దాకా ఆడవాళ్ల జట్లు ఉండేవి. అవి ఒక్కొక్కటే ఆరిపోతుంటే వీళ్లకి ఎదురు ఆడే జట్టే దొరకడం కష్టమైంది. బళ్లో ఆడపిల్లలకి ఆట నేర్పేవాళ్లు లేకపోతే కొత్త ప్లేయర్లు ఎక్కడి నుంచి వస్తారు?

అయినా 1937లో ఎడిన్‌బరా జట్టుని 5-1తో ఓడించారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మళ్లీ కూడగట్టుకున్నారు. ఫ్రాంక్‌లాండ్ తర్వాత కాత్ లేథమ్ జట్టు బాధ్యత తీసుకుని, ఉన్నవాళ్లతో నెట్టుకొచ్చింది. చివరికి 1965లో ఆడటానికి మనుషులు చాలక జట్టు మూతపడింది. మొత్తం 828 మ్యాచ్‌లు. గెలిచినవి 758, డ్రా 46, ఓడినవి 24. అంతటి రికార్డు ఉన్న జట్టుకి పదకొండు మంది దొరకలేదు. ఇంకో ఆరేళ్లు నిలబడి ఉంటే, 1971లో నిషేధం పోయాక మళ్లీ పెద్ద మైదానంలో ఆడేవాళ్లు. అసోసియేషన్ క్షమాపణ చెప్పింది 2008లో. లిలీ పార్ అప్పటికి చనిపోయి 30 ఏళ్లు.

నిషేధం మీద కోపం తెప్పించడం సులువు. దానికి ఒక తేదీ ఉంది, ఒక తీర్మానం ఉంది. కానీ 1965 ఎలా వచ్చిందో చెప్పకపోతే, ఒక జట్టుని నలభై ఏళ్లు మెల్లగా ఎండగట్టొచ్చన్న సంగతి పిల్లలకి తెలియదు. మా అమ్మాయి ఆడే లీగ్‌లో గ్రౌండ్ టైమింగ్స్ ఇచ్చేటప్పుడు అబ్బాయిలకి ఏ స్లాట్, అమ్మాయిలకి ఏ స్లాట్ వస్తుందో నేను గమనిస్తున్నాను. ఇప్పుడు మీటింగ్‌లో అడుగుతున్నాను కూడా.

టూర్‌కి వెళ్లండి, తప్పకుండా. టికెట్ ధరకి న్యాయం జరుగుతుంది. గైడ్ గారి ఇంగ్లిష్ లాంకషైర్ యాసలో ఉంటుంది కానీ మెల్లగా చెప్తారు, మనవాళ్లకి ఇబ్బంది ఉండదు. మరీ చిన్నపిల్లలకి నడక ఎక్కువవుతుంది. ఫుట్‌బాల్ ఆడే పిల్లలైతే వాళ్లే మిమ్మల్ని లాక్కెళ్తారు. బయల్దేరే ముందు స్టేషన్‌లోనే బాత్రూమ్ పని చూసుకోండి.

నిర్వాహకులకి రాసిన మెయిల్‌లో నేను అడిగింది ఒక్కటే. చివర్లో పది నిమిషాలు పెంచి విటింగ్‌హామ్ గురించీ, కాత్ లేథమ్ గురించీ చెప్పమన్నాను. గైడ్ గారు స్వయంగా జవాబు రాశారు. 1950ల్లో ఆడినవాళ్ల గురించి తన దగ్గర ఇంకా చాలా సమాచారం ఉందట, రెండు గంటల్లో పట్టక వదిలేస్తున్నారట. రెండో భాగంగా వేరే నడక పెట్టే ఆలోచన ఉందన్నారు. పెడితే మొదటి టికెట్లు మావే. వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కలిసి బుక్ చేద్దాం.